పాత పెట్రోల్ కారులో సెన్సర్ లోపమా, గేర్‌బాక్స్ లోపమా? పార్టు కొనే ముందు చేయాల్సిన పరీక్షలు

మా ఇంట్లో 2009 నాటి చిన్న పెట్రోల్ కారు ఉంది. ఒక వానాకాలంలో దానికి కొత్త జబ్బు పట్టుకుంది. సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కి బ్రేకు వేస్తే బండి నిలబడేలోపే ఇంజిన్ ఆగిపోయేది. సెల్ఫ్ కొడితే మళ్లీ ఠక్కున అందుకునేది. ఒక షెడ్డులో థ్రాటిల్ బాడీ కడిగారు. ఇంకో చోట పెట్రోల్ పంపు మార్చారు. మూడో చోట గేర్‌బాక్స్ దించి క్లచ్ చూడాలన్నారు. ఆ మాటకు భయపడి బండిని ఇంటికి తెచ్చేసుకున్నాను. దారిలో పక్క సీట్లో కూర్చున్న మా అమ్మాయి, "నాన్నా, స్పీడు ముల్లు ఎందుకలా కొట్టుకుంటోంది?" అంది.

జవాబు అక్కడే ఉంది. గేర్‌బాక్స్ మీద ఉండే స్పీడ్ సెన్సర్ కప్లర్‌లోకి, అంటే వైర్లు కలిపే ప్లగ్గులోకి, నూనె, నీళ్లు చేరి సిగ్నల్ మధ్యమధ్యలో తెగిపోతోంది. బండి ఇంకా కదులుతోందో, ఆగిందో తెలియక ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఐడ్లింగ్‌ను, అంటే యాక్సిలరేటర్ నొక్కనప్పటి ఇంజిన్ వేగాన్ని, పట్టుకోలేకపోతోంది. కప్లర్ శుభ్రం చేసి, కారుతున్న చిన్న రబ్బరు రింగు మార్చాక ఆ జబ్బు మళ్లీ రాలేదు.

ఇంజిన్ సెన్సర్ చెడితే గేర్‌బాక్స్ పోయినట్టు, గేర్‌బాక్స్ మీది సెన్సర్ చెడితే ఇంజిన్ పోయినట్టు అనిపిస్తుంది. పాత బండి యజమానుల డబ్బు ఎక్కువగా నీళ్లపాలయ్యేది ఇక్కడే. అందుకే ఈ రెండింటినీ కలిపి రాస్తున్నాను. నేను చెప్పేవి ముఖ్యంగా ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కూ ఇంజెక్టర్‌తో పెట్రోల్ చిమ్మే) పెట్రోల్ బండ్లకు, అంటే దాదాపు 2000 నుంచి 2015 మధ్య వచ్చిన కార్లకు వర్తిస్తాయి. డీజిల్‌కు కొన్ని పరీక్షలు ఇవే సరిపోతాయి గానీ, దాని హైప్రెషర్ పంపు, ఫ్యూయల్ రైల్ అనే గొట్టం జోలికి ఇంట్లో వెళ్లకూడదు.

బోనెట్ ఎత్తే ముందు పుస్తకం తీయండి

మెకానిక్‌తో "బండి సరిగ్గా నడవడం లేదు" అంటే ఆయన ఊహించి పార్టు మారుస్తాడు. తప్పు ఆయనదొక్కడిదే కాదు. లోపం ఎప్పుడు వస్తోందో మనం రాసుకోవాలి: పొద్దున చల్లగా ఉన్నప్పుడా, అరగంట నడిచాకా? ఏసీ వేసినప్పుడా? వాన పడ్డాకా? ఏ గేరులో, ఎంత వేగంలో? ఆ సమయంలో ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముల్లు, స్పీడు ముల్లు, టెంపరేచర్ ముల్లు ఏం చేస్తున్నాయి?

వీటిలో ప్రతి జవాబూ ఒక దారి చూపిస్తుంది. వేడెక్కాక ఆగిపోయి, ఇరవై నిమిషాలు నీడలో పెడితే మళ్లీ స్టార్ట్ అయ్యే బండి అయితే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని గుర్తించేది), ఇగ్నిషన్ కాయిల్, పెట్రోల్ పంపు ముందు వరుసలో ఉంటాయి. వాన పడ్డ మర్నాడు మాత్రమే మిస్సింగ్ (ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకపోవడం) వస్తే ప్లగ్ వైర్లు, కప్లర్లు చూడాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆర్పీఎం పెరుగుతూ వేగం పెరగకపోతే అది క్లచ్. ఆర్పీఎమ్మే పెరగకపోతే అది ఇంజిన్. ఈ చివరి తేడా ఒక్కటి తెలిసినా క్లచ్ ప్లేటు ఖర్చు చాలాసార్లు తప్పుతుంది.

ఈ మధ్య బండికి ఏ పని చేయించారో కూడా రాయండి. క్లచ్ పని అయిన వారానికి డాష్‌బోర్డు మీది ఇంజిన్ చెక్ లైట్ వెలిగితే అది కొత్త జబ్బు కాదు, ఆ పనిలో ఏదో వైరు వదులైందని అనుమానించాలి. చాలా కార్లలో బ్యాటరీ ఎర్త్ కేబుల్ గేర్‌బాక్స్ మీదే బిగిస్తారు. గేర్‌బాక్స్ దించి ఎక్కించినప్పుడు ఆ బోల్టు సరిగ్గా బిగించకపోతే, తుప్పు గీకకుండా బిగిస్తే, అక్కడి నుంచి ఈసీయూ రాసుకునే లోపం కోడ్‌లు ఒకదానికొకటి పొంతన లేకుండా మొదలవుతాయి.

చేతిలో ఏముండాలి

ఒక డిజిటల్ మల్టీమీటర్. ఒక టార్చి. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ డబ్బా. ఓబీడీ (బండి తన లోపాలను తానే గుర్తించే ఏర్పాటు) సాకెట్‌లో గుచ్చి ఫోన్‌తో చూసే చిన్న బ్లూటూత్ స్కానర్, ఈఎల్ఎం 327 అనే పేరుతో అమ్ముతారు. బండి కింద దూరే పని ఉంటే రెండు జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే చెక్క దిమ్మెలు. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందకు తల పెట్టవద్దు, అర నిమిషానికైనా సరే.

మరో మూడు జాగ్రత్తలు. పసుపు రంగు గొట్టంలో వెళ్లే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి మీటర్ ముట్టించకూడదు. ఈసీయూకి వెళ్లే సన్నని వైర్లను బల్బు టెస్టర్‌తో పరీక్షించకూడదు. ఆ బల్బు లాగే కరెంటుకు లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. వైరుకు సూది గుచ్చి చూడటం కూడా మంచిది కాదు, ఆ చిల్లులోంచి తేమ దూరి ఆరు నెలలకు రాగి పచ్చబడుతుంది. కప్లర్ వెనక వైపు నుంచి సన్నని పిన్ను దూర్చి కొలవండి.

మొదటి మెట్టు: బ్యాటరీ, ఎర్త్

సెన్సర్లు చెప్పే మాటలన్నీ వోల్టేజీలే. మూలంలో వోల్టేజీ సరిగ్గా లేకపోతే ఏ సెన్సర్ మాటా నమ్మలేం. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీకి పొద్దున మీటర్ పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కింద పడకూడదు. పడితే ఈసీయూ ఒక్క క్షణం నిద్రపోయి లేస్తుంది, లేచాక లేనిపోని కోడ్‌లు రాసుకుంటుంది. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వరకు ఉండాలి. మీటర్‌ను ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి అదే చోట చూడండి. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయినట్టే, ఆ అలజడి క్రాంక్ సెన్సర్ సిగ్నల్‌లో కూడా కలుస్తుంది.

తర్వాత ఎర్త్. దీన్ని ఓమ్‌లలో కొలిస్తే మోసపోతాం, కరెంటు పారుతున్నప్పుడే కొలవాలి. ఇంజిన్ ఆన్ చేసి, హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనక అద్దం డీఫాగర్ ఉంటే అదీ వేయండి. మీటర్ నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ కొమ్ము మీద పెట్టి, ఎర్ర తీగ ఇంజిన్ మీద శుభ్రమైన లోహానికి, ఆ తర్వాత గేర్‌బాక్స్‌కు, ఆ తర్వాత బాడీకి ఆనించండి. ప్రతిచోటా 0.1 వోల్టు లోపు ఉండాలి. 0.3, 0.4 చూపిస్తే ఆ కేబుల్ రెండు చివర్లూ విప్పి, ఉప్పు కాగితంతో గీకి, బిగించండి. సముద్రం దగ్గరి ఊళ్లలో, విశాఖలోనో కాకినాడలోనో తిరిగే బండ్లకు ఈ పని ఏడాదికోసారి చేయాలి. ఉప్పుగాలికి ఎర్త్ చివర్లు లోలోపలే తుప్పు పడతాయి, పైకి బాగానే కనిపిస్తాయి.

ఈ మెట్టు ఎవరూ ఇష్టంగా చేయరు. దీన్ని దాటేసి కోడ్‌ల దగ్గరికి పరుగెత్తే ప్రతివాళ్లనూ ఆపి చెప్పాలని ఉంటుంది నాకు.

రెండో మెట్టు: కోడ్ చదవడం

మన దేశంలో భారత్ స్టేజ్ 4 (పొగ కాలుష్య ప్రమాణం) కార్లకు మొదటి తరం ఓబీడీ 2010 ఏప్రిల్ నుంచి, రెండో తరం 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. అందుకే 2013 తర్వాతి బండికి చిన్న బ్లూటూత్ స్కానర్ దాదాపు ఎప్పుడూ పలుకుతుంది. అంతకు ముందు బండ్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉన్నా అన్ని స్కానర్లూ కలవవు. అలాంటప్పుడు ఆ కంపెనీ బండ్లు చదివే పెద్ద స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్లి, కోడ్‌లు కాగితం మీద రాయించుకోవాలి. స్కానర్‌కు పవరే రాకపోతే సాకెట్‌లో 16వ పిన్నుకూ 4వ పిన్నుకూ మధ్య 12 వోల్టులు ఉన్నాయేమో చూడండి. లేకపోతే చాలాసార్లు సిగరెట్ లైటర్ ఫ్యూజో, దాని పక్క ఫ్యూజో పోయి ఉంటుంది.

కోడ్‌ను వెంటనే చెరపకండి. ముందు కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ చూడండి. లోపం వచ్చిన క్షణంలో ఆర్పీఎం ఎంత, వేగం ఎంత, కూలెంట్ వేడి ఎంత అన్నది అందులో ఉంటుంది. మీ పుస్తకంలో రాసుకున్నదానితో అది కలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు అసలు మాట. కోడ్ చెప్పేది ఫలానా సర్క్యూట్‌లో తేడా ఉందని, ఫలానా పార్టు పోయిందని కాదు. పీ0118 అంటే కూలెంట్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువగా ఉందని. సెన్సర్ పోయినా, వైరు తెగినా, కప్లర్ ఊడినా అదే కోడ్. పీ0171 అంటే మిశ్రమంలో పెట్రోల్ తక్కువైందని. దానికి ఆక్సిజన్ సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ కొలిచేది) మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ సెన్సర్ నిజం చెప్పింది, మనం దాన్నే తీసిపారేశాం.

ఒకేసారి మూడు నాలుగు సెన్సర్ల కోడ్‌లు వస్తే సంతోషించండి, అన్నీ ఒకేసారి పోవు. థ్రాటిల్, మ్యాప్ లాంటి సెన్సర్లకు ఈసీయూ ఒకే 5 వోల్టుల లైను నుంచి కరెంటు ఇస్తుంది. ఒక సెన్సర్ లోపల షార్ట్ అయితే మిగతావాటి 5 వోల్టులు కూడా పడిపోతాయి. మీటర్ ఆ లైను మీద పెట్టి, సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీయండి. ఏది పీకగానే 5 వోల్టులు తిరిగి వస్తాయో అదే దొంగ.

మూడో మెట్టు: ఒక్కో సెన్సర్‌ను ప్రశ్నించడం

కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌తో మొదలుపెట్టండి. పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసి స్కానర్‌లో చూస్తే కూలెంట్ వేడి, లోపలికి వచ్చే గాలి వేడి దాదాపు ఒకటే ఉండాలి. ఐదు డిగ్రీలకు మించి తేడా ఉంటే రెండిట్లో ఒకటి అబద్ధం చెబుతోంది. స్కానర్ మైనస్ 40 చూపిస్తే వైరు తెగినట్టు. అప్పుడు కప్లర్ పీకి, సెన్సర్ వైపు కాదు, వైరింగ్ వైపు ఉన్న రెండు పిన్నులను చిన్న తీగతో కలపండి. రీడింగ్ మైనస్ 40 నుంచి 130 దాటి ఎగిరితే వైరింగ్, ఈసీయూ రెండూ బాగున్నట్టు, సెన్సర్ మార్చవచ్చు. ఎగరకపోతే కొత్త సెన్సర్ పెట్టినా ఉపయోగం లేదు. సెన్సర్‌ను ఓమ్‌లలో కొలిస్తే 20 డిగ్రీల దగ్గర సాధారణంగా 2000 నుంచి 3000 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు ఉంటుంది. ఖచ్చితమైన అంకె మీ బండి సర్వీస్ పుస్తకంలో చూడండి.

ఇక్కడ మన షెడ్లలో ఉన్న ఒక అలవాటు గురించి కాస్త గట్టిగా చెప్పాలి. బండి ఒకసారి హీట్ అయిందంటే థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వనిది) పీకి అవతల పారేస్తారు. "మన ఎండలకు అది అక్కర్లేదండీ" అంటారు. అది లేకపోతే నీళ్లు ఎప్పుడూ రేడియేటర్ గుండానే తిరుగుతాయి. హైవే మీద ఇంజిన్ 60, 65 డిగ్రీలు దాటదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. కొన్ని బండ్లలో పీ0128 వస్తుంది. ఆటోమేటిక్ బండి అయితే ఇంజిన్ వేడెక్కేవరకు టార్క్ కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ కలిపేది) లాక్ అవదు, పై గేరు ఆలస్యంగా పడుతుంది. ఓనరు గేర్‌బాక్స్ పోయిందని దిగులుపడతాడు. మీరు సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండి అయితే థర్మోస్టాట్ ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే పెట్టించండి. రేడియేటర్‌లో కుళాయి నీళ్లు కాకుండా కూలెంట్ పోయండి, తుప్పు నీళ్లలో సెన్సర్ మొన కూడా పాచి పడుతుంది. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయవద్దు.

తర్వాత మ్యాప్ సెన్సర్, ఇన్‌టేక్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో, గాలి పీడనం కొలిచేది. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే అది బయటి గాలి పీడనాన్నే చూపాలి. విజయవాడలోనో విశాఖలోనో అయితే 100 కిలోపాస్కల్స్ దగ్గర, ఐదువందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో 95 దగ్గర ఉంటుంది. హైదరాబాద్‌లో 95 చూసి సెన్సర్ తప్పనుకోకండి. స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో పెడితే 30 నుంచి 40కి పడాలి. 50, 55 దగ్గర ఆగిపోతే ఎక్కడో గాలి దూరుతోంది, లేదా టైమింగ్ తప్పింది, లేదా కంప్రెషన్ తగ్గింది.

గాలి దూరే చోటు పట్టుకోవడానికి స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ ఉంటుంది. అది ప్లస్ 10 శాతం దాటితే ఈసీయూ అదనంగా పెట్రోల్ పోసి సర్దుతున్నట్టు. ఐడ్లింగ్‌లో ప్లస్ 20 ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర ప్లస్ 5కి దిగితే ఇన్‌టేక్ గొట్టం పగిలింది. ఐడ్లింగ్‌లో బాగుండి, లోడు మీద పెరిగిపోతే పెట్రోల్ సరిపోవడం లేదు, ఫిల్టర్, పంపు చూడాలి. పాత బండ్లలో బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇంజిన్ ఊపిరి గొట్టం, ఇన్‌టేక్ గాస్కెట్ పగుళ్లిస్తాయి. ఐడ్లింగ్‌లో ఉండగా స్ప్రే సీసాతో మంచినీళ్లు ఆ అతుకుల మీద కొట్టి చూడండి, ఇగ్నిషన్ కాయిల్ మీద పడకుండా. ఇంజిన్ శబ్దం మారిన చోటే పగులు. కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు, వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంట లేస్తుంది, నేను ఆ పని చేయనివ్వను.

థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ త్వరగా తేలిపోతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, సిగ్నల్ వైరు మీద మీటర్ పెట్టి, యాక్సిలరేటర్‌ను చాలా నెమ్మదిగా నొక్కాలి. అర వోల్టు దగ్గర మొదలై నాలుగున్నర దాకా ఎక్కడా ఎగరకుండా, పడకుండా పెరగాలి. మధ్యలో ఒక్క గెంతు కనిపించినా ఆ చోట బండి కుదుపు ఇస్తుంది.

క్రాంక్ సెన్సర్ మొరాయిస్తే బండి నడిరోడ్డు మీదే ఆగిపోతుంది, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు స్కానర్‌లో ఆర్పీఎం చూడండి. 150 నుంచి 250 మధ్య కనిపించాలి. సున్నా ఉంటే ఈసీయూకి ఇంజిన్ తిరుగుతున్న సంగతే తెలియడం లేదు, కాబట్టి స్పార్కూ ఇవ్వదు, పెట్రోలూ ఇవ్వదు. వేడికి మాత్రమే పోయే సెన్సర్‌ను చల్లగా ఉన్నప్పుడు ఓమ్‌లలో కొలిస్తే బాగానే కనిపిస్తుంది. అందుకే బండి ఆగిన చోటే పరీక్షించాలి. ఇగ్నిషన్ ఆపి, తడి గుడ్డ సెన్సర్ మీద ఐదు నిమిషాలు పెట్టండి. అప్పుడు స్టార్ట్ అయితే అనుమానం బలపడింది. సెన్సర్ విప్పినప్పుడు మొన మీద ఇనుప రజను అంటుకుని ఉందేమో చూడండి. ఒక్కోసారి దాన్ని తుడిచి పెట్టడమే రిపేరు. రెండు వైర్లుంటే అయస్కాంత రకం, మూడుంటే సాధారణంగా హాల్ రకం. రెండిటి పరీక్షా ఒకటి కాదు, హాల్ సెన్సర్‌ను ఓమ్‌లలో కొలవకండి.

ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కాక 0.1కీ 0.9 వోల్టుకూ మధ్య ఊగుతూ ఉండాలి. ఒకే చోట నిలబడిపోతే దాని కన్నా ముందు వేరేవి చూడండి: సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ గొట్టం లీకు, మిస్సింగ్, గ్యాస్ కిట్. ఎల్పీజీ, సీఎన్జీ కిట్ బయట పెట్టించిన బండ్లలో ఇంజెక్టర్ల వైర్లు, సెన్సర్ వైర్లు కోసి అతుకుతారు. ఆ అతుకులు టేపు చుట్టి వదిలేస్తే పదేళ్లకు టేపు ఊడి రాగి బయటపడుతుంది. అలాంటి బండిలో ఏ కోడ్ వచ్చినా మొదట ఆ అతుకులే విప్పి చూడాలి. అలాగే ఎలుకలు. పొలాల పక్కన, గోడౌన్ల దగ్గర పెట్టే బండి అయితే వైరింగ్‌ను టార్చి వేసి పొడవునా చూడండి.

నాలుగో మెట్టు: మాన్యువల్ గేర్‌బాక్స్

ఇంజిన్ కోడ్‌లు ఏమైనా ఉంటే అవి తీరాకే గేర్‌బాక్స్ దగ్గరికి రండి. మిస్సింగ్ ఉన్న ఇంజిన్ మొదటి గేరులో కుదుపు ఇస్తే అది అచ్చం క్లచ్ జడ్డర్‌లా, అంటే క్లచ్ పట్టేటప్పటి వణుకులా ఉంటుంది.

క్లచ్ జారుతోందేమో చూడటానికి ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఆర్పీఎం ఎగిరి, వేగం వెనకబడితే ప్లేటు జారుతోంది. నిలబెట్టి చూడాలంటే చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బండి ముందు ఎవరూ లేకుండా చూసుకుని, నాలుగో గేరులో క్లచ్ వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూ తిరుగుతుంటే ప్లేటు అయిపోయింది. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది. జారడమంటే ప్లేటు అరిగిందనే కాదు. కేబుల్‌కు ఆట లేకపోయినా, ఇంజిన్ వెనక ఆయిల్ సీలు కారి ప్లేటు మీద నూనె పడినా జారుతుంది. సీలు మార్చకుండా ప్లేటు మారిస్తే మూడు నెలలకు మళ్లీ షెడ్డుకే.

దీనికి ఎదురు లోపం క్లచ్ పూర్తిగా విడవకపోవడం. ఇంజిన్ ఆపి ఉంటే గేర్లన్నీ వెన్నలా పడతాయి, స్టార్ట్ చేస్తే ఏదీ పడదు. పరీక్ష: ఐడ్లింగ్‌లో క్లచ్ అడుగంటా నొక్కి, ఐదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. కరకరమంటే క్లచ్ విడవడం లేదు. కేబుల్ సాగిందేమో, హైడ్రాలిక్ అయితే నూనె తగ్గిందేమో, పెడల్ కింద సిలిండర్ కారుతోందేమో చూడండి. గేర్‌బాక్స్ విప్పే అవసరం తరచూ ఉండదు. ఇంజిన్ ఆపినా గేర్లు గట్టిగా ఉంటే లీవర్ కింది బుష్‌లు, కేబుళ్లు. ఒక్క గేరు మాత్రమే, ముఖ్యంగా రెండోది, వేగంగా వేస్తే కరకరమంటే ఆ గేరు సింక్రోనైజర్ రింగు (గేరు పడే ముందు వేగాలను సమం చేసేది).

శబ్దాలకు క్లచ్ పెడలే స్టెతస్కోపు. న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌లో శబ్దం వస్తూ, పెడల్ నొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. నొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగ్. బండి పోతుంటే వేగంతో పాటు పెరిగి, క్లచ్ నొక్కినా తగ్గకపోతే చక్రం బేరింగ్ లేదా డిఫరెన్షియల్.

గేర్ ఆయిల్ సంగతి ఎవరూ పట్టించుకోరు. చాలా చిన్న కార్లలో పట్టేదే సుమారు రెండు లీటర్లు. సీలు కారి అర లీటరు పోతే తెలియను కూడా తెలియదు. చూడటానికి పక్కనున్న నింపే బోల్టు విప్పండి, నూనె ఆ రంధ్రం అంచు దాకా ఉండాలి. మార్చేటప్పుడు నింపే బోల్టు ముందు విప్పి, ఆ తర్వాతే కింది బోల్టు తీయండి. పైది తుప్పు పట్టి రాకపోతే, నూనె ఖాళీ చేసిన బండితో ఇరుక్కుపోతాం. కింది బోల్టు అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తని పూత సహజం. ముక్కలు కనిపిస్తే లోపల పళ్లు విరుగుతున్నాయి. జీఎల్-4 రకం నూనె అడిగిన గేర్‌బాక్స్‌లో "ఇది ఇంకా బలం" అని జీఎల్-5 పోయనివ్వకండి. దానిలోని గంధకపు రసాయనాలు కొన్ని ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి.

స్పీడ్ సెన్సర్ పరీక్ష కూడా ఇక్కడే. ముందు చక్రం ఒకటి ఎత్తి స్టాండు మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేయండి. మూడు వైర్ల సెన్సర్ అయితే సిగ్నల్ వైరు మీద మీటర్ పెట్టి చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. వోల్టేజీ సున్నాకూ పైకీ మారుతూ ఉండాలి. మారకపోతే సెన్సర్‌కు కరెంటు, ఎర్త్ వస్తున్నాయో చూసి, అప్పుడు దాన్ని మార్చండి. ఏబీఎస్ ఉన్న కొన్ని బండ్లలో వేగం చక్రాల దగ్గరి సెన్సర్ల నుంచే వస్తుంది. స్పీడు ముల్లుతో పాటు ఏబీఎస్ లైటు కూడా వెలుగుతుంటే గేర్‌బాక్స్ దగ్గర వెతకడం వృథా.

ఆటోమేటిక్ అయితే

మొదట నూనె. ఎక్కువ బండ్లలో ఇంజిన్ వేడిగా, ఐడ్లింగ్‌లో, పార్కింగ్‌లో ఉండగా నూనె మట్టం చూపే కడ్డీ చూడాలి. కొన్నిటికి ఇంజిన్ ఆపి వెంటనే చూడాలి. మీ బండి పుస్తకం ఏం చెబితే అది. నూనె ఎర్రగా ఉండాలి. గోధుమ రంగు దాటి నల్లబడి, కాలిన వాసన వేస్తే లోపలి క్లచ్‌లు కాలుతున్నాయి. ఘాట్ రోడ్ల మీద ఎక్కువగా తిరిగే బండికి నూనె తొందరగా చెడుతుంది. మార్చేటప్పుడు రకం తప్పకూడదు. పాత హ్యుందాయ్ నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఎస్పీ-3 అడుగుతుంది, హోండాకు హోండా నూనే కావాలి, సీవీటీకి (గేర్ల బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్‌కు) సీవీటీ నూనె. "అన్నిటికీ పనికొస్తుంది" అన్న డబ్బాను నేను ఎప్పుడూ ఎంచుకోను.

బండి ఒకే గేరులో, చాలాసార్లు మూడోదానిలో ఇరుక్కుపోయి, ఇగ్నిషన్ ఆపి ఆన్ చేస్తే మామూలు అయితే అది ఎమర్జెన్సీ మోడ్. లోపం ఎక్కువగా కరెంటు వైపు ఉంటుంది. పీ0700 అన్న కోడ్ దానంతట అదేమీ చెప్పదు, గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఇంకో కోడ్ ఉందని మాత్రమే చెబుతుంది. చిన్న స్కానర్లు చాలామటుకు ఆ లోపలి కోడ్ చదవలేవు. పీ0715 ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్, పీ0720 అవుట్‌పుట్ సెన్సర్, పీ0705 గేర్ లీవర్ స్థానం తెలిపే స్విచ్, పీ0750 షిఫ్ట్ సోలెనాయిడ్ (గేరు మార్చే కరెంటు వాల్వ్). మొదటి మూడూ చాలా బండ్లలో బయటి నుంచే అందుతాయి, గేర్‌బాక్స్ దించాలని ఎవరైనా అంటే ఈ కోడ్ ఏదో ముందు అడగండి.

60, 70 వేగంలో కొద్దిగా యాక్సిలరేటర్ మీద ఉన్నప్పుడు రోడ్డు మీది రంబుల్ గీతల మీద వెళ్తున్నట్టు వణుకు వస్తే, వెనక బండ్లు లేనప్పుడు, యాక్సిలరేటర్ అలాగే ఉంచి బ్రేకును ఎడమ కాలితో లైటు వెలిగేంత మాత్రం తాకండి. లాక్ విడిపోయి వణుకు ఆగితే అది టార్క్ కన్వర్టర్. చాలామందికి నూనె మార్చడంతోనే తగ్గుతుంది. ఆగకపోతే అది ఇంజిన్ మిస్సింగ్, ప్లగ్గులు, కాయిల్ చూడండి. ఆగిపోయిన ఆటోమేటిక్‌ను ముందు చక్రాలు నేల మీద ఉంచి తాడు కట్టి లాగించకండి, ఫ్లాట్‌బెడ్ పిలవండి.

పార్టు కొనేటప్పుడు, బిగించాక

పాత సెన్సర్ మీదున్న పార్టు నంబరు ఫోటో తీసుకుని వెళ్లండి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో "ఇదే బండికి ఇదే వస్తుంది" అని ఇచ్చినా నంబరు పోల్చండి. ఒకే మోడల్‌లో సంవత్సరాన్ని బట్టి సెన్సర్లు మారాయి. క్రాంక్ సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్ విషయంలో డూప్లికేట్ వద్దు. స్క్రాప్ బండి నుంచి తీసిన ఒరిజినల్ సెన్సర్‌ను మీటర్ పెట్టి చూసి తీసుకోవడం దానికన్నా నయం.

బిగించాక కోడ్ చెరిపి, బండిని పూర్తిగా చల్లారనివ్వండి. మర్నాడు పొద్దున ఏసీ, లైట్లు లేకుండా స్టార్ట్ చేసి, ఫ్యాను ఒకసారి తిరిగేదాకా ఐడ్లింగ్‌లో ఉంచితే చాలా బండ్లు ఐడ్లింగ్ నేర్చుకుంటాయి. ఆ తర్వాత స్కానర్ పెట్టుకుని ఒక ఇరవై కిలోమీటర్లు వెళ్లండి: కొంత ట్రాఫిక్‌లో, కొంత 60, 70 వేగంలో, మధ్యలో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి గేరులోనే బండిని నెమ్మదించనిస్తూ. చెక్ లైట్ మిణుకుమిణుకుమంటే అక్కడే ఆగిపోండి, అది తీవ్రమైన మిస్సింగ్, కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతోంది. ఏ కోడూ రాకుండా ఇంటికి చేరితే ఐడ్లింగ్ ఆర్పీఎం, మ్యాప్ పీడనం, కూలెంట్ వేడి, ఫ్యూయల్ ట్రిమ్, బ్యాటరీ వోల్టేజీ ఈ ఐదూ తేదీతో సహా ఆ పుస్తకంలో రాయండి. నా పుస్తకంలో అవి ఉన్న పేజీకి మడత పెట్టి ఉంచాను, ఇప్పుడు బండికి ఏ చిన్న తేడా వచ్చినా మొదట తెరిచేది ఆ పేజీనే.